"ఎందుకు ప్రభువా?" అని అడిగాక వినవలసిన ప్రశ్న

చావు జరిగిన ఇంట్లో ప్రార్థనకు కూర్చున్నప్పుడూ, యవ్వనస్థుల కూడికలో ప్రశ్నలకు సమయం ఇచ్చినప్పుడూ మనకు తప్పక ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. దేవుడు మంచివాడూ సర్వశక్తిమంతుడూ అయితే ఈ లోకంలో చెడును ఎందుకు ఉండనిస్తున్నాడు? ఇలా అడిగినవారిని విశ్వాసంలో బలహీనులుగా చూసే అలవాటు మన సంఘాల్లో ఉంది. అది న్యాయం కాదు. హబక్కూకు ప్రవక్త ఇదే అడిగాడు. కీర్తనలు రాసిన భక్తులు కన్నీళ్ళతో అడిగారు. సిలువ మీద మన ప్రభువు సైతం తండ్రిని "ఎందుకు" అనే అడిగాడు. కాబట్టి అడగడం పాపం కాదు. మన తొందరపాటు జవాబులే ఎక్కువ గాయం చేస్తున్నాయి.

అలాంటి జవాబులు మన దగ్గర రెండున్నాయి. ఒకటి, వాళ్ళ పాపానికి ఇది శిక్ష అనడం. రెండు, ఇది దేవుని చిత్తం, ఇక మాట్లాడకూడదు అనడం.

మొదటిదాన్ని యేసే తోసిపుచ్చాడు. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి లూకా 13వ అధ్యాయంలో ఉంది. చనిపోయినవాళ్ళు యెరూషలేములో అందరికంటే పాపులేమీ కాదని ఆయన స్పష్టంగా చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు, మీరు మారుమనస్సు పొందండి అని వింటున్నవాళ్ళ వైపే తిరిగాడు. పుట్టు గ్రుడ్డివాడి విషయంలోనూ అంతే. ఎవరి పాపం అని శిష్యులు లెక్క అడిగితే, ఆ లెక్కను పక్కన పెట్టి అతని కళ్ళు తెరిచాడు. యోబు స్నేహితులు ఏడు రోజులు మౌనంగా పక్కన కూర్చున్నంతసేపు మంచి స్నేహితులే. నోరు తెరిచి, నీవేదో పాపం చేసి ఉంటావని మొదలుపెట్టాక తప్పిపోయారు. చివరికి దేవుడు కోపగించింది ప్రశ్నలడిగిన యోబు మీద కాదు, దేవుని పక్షాన వాదించిన ఆ స్నేహితుల మీద.

రెండో జవాబు పైకి భక్తిగా కనిపిస్తుంది కాబట్టి దాన్ని ఇంకా జాగ్రత్తగా చూడాలి. మన తెలుగువారి జీవితంలో నుంచే ఒక ఉదాహరణ తీసుకుందాం.

కర్ణాటకలోని కోలారు బంగారు గనుల ఊళ్ళో పాకీ దొడ్లు ఎత్తే పని తరతరాలుగా తెలుగు దళిత కుటుంబాలు చేశాయి. అలాంటి కుటుంబంలో 1966లో పుట్టిన బెజవాడ విల్సన్, ఆ పని రద్దు కోసం సఫాయి కర్మచారి ఆందోళన్‌ను నిర్మించినవారిలో ఒకరు. 2016లో ఆయనకు మెగసెసే అవార్డు వచ్చింది. పాకీ పనిని నిషేధిస్తూ పార్లమెంటు 1993లో ఒక చట్టం, 2013లో మరింత గట్టి చట్టం చేసింది. 1993 నుంచి మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇవ్వాలని సుప్రీంకోర్టు 2014 మార్చి 27న తీర్పు చెప్పింది. 2023 అక్టోబరులో ఆ మొత్తాన్ని 30 లక్షలకు పెంచింది. అయినా చావులు ఆగలేదు.

ఆ చావు ఎలా వస్తుందో మనకు తెలుసు. మూత తీసిన ట్యాంకులో విషవాయువు ఉంటుంది, ఊపిరికి కావలసిన గాలి ఉండదు. దిగినవాడు నిమిషాల్లో కుప్పకూలుతాడు. అతన్ని కాపాడదామని దిగిన రెండోవాడూ లోపలే ఉండిపోతాడు. ఆ రెండోవాడు చాలాసార్లు తమ్ముడో, బావమరిదో అవుతాడు.

ఇప్పుడు ఆ ఇంటికి వెళ్ళి, అమ్మా, ఇది దేవుని చిత్తం అని చెప్పగలమా? యంత్రం తెప్పించకుండా మనిషిని దించినవాడు ఉన్నాడు. చట్టం ఉన్నా అమలు చేయని అధికారి ఉన్నాడు. ఈ పనికి ఫలానా కులంవాళ్ళే పుట్టారని నమ్మిన సమాజం ఉంది. తక్కువ డబ్బుకి పని అయిపోతే చాలనుకున్న ఇంటి యజమాని ఉన్నాడు. ఇంతమంది అనుమతిస్తే జరిగినదాన్ని దేవుడొక్కడే అనుమతించినట్టు చెప్పడం ఆయన నామాన్ని వ్యర్థంగా ఉచ్చరించడమే.

దేవుడు మనిషికి స్వేచ్ఛ ఇచ్చాడు, చెడు ఆ స్వేచ్ఛను వాడుకున్న తీరులో నుంచి వచ్చింది అని వేదపండితులు చెబుతారు. అందులో నిజం ఉంది. ప్రేమించగలిగినవాడు ద్వేషించనూ గలడు. బలవంతంగా మంచి చేయించే దేవుడికి బిడ్డలుండరు, బొమ్మలుంటాయి. కానీ ఇక్కడితో ఆగితే సగమే చెప్పినట్టు. ఎంపిక చేసుకునేది ఒకడు, దానికి ప్రాణం ఇచ్చేది మరొకడు. కయీను ఎంచుకున్నాడు, హేబెలు చనిపోయాడు. అప్పుడు దేవుడు కయీనుకు స్వేచ్ఛ గురించి పాఠం చెప్పలేదు. నీ తమ్ముడెక్కడ అని అడిగాడు. నేల మీద పడిన రక్తం తనకు మొరపెడుతోందన్నాడు. మనం "ఎందుకు ప్రభువా" అని అడిగాక నిశ్శబ్దంగా ఉంటే, మనకూ వినిపించవలసిన ప్రశ్న అదే.

మనుషులు చేసే అన్యాయానికి ఇది సరే, తుఫాను సంగతేమిటని యవ్వనస్థులు అడుగుతారు. మంచి ప్రశ్న. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసినప్పుడు దాదాపు 10,000 మంది పోయారు. 1999 అక్టోబరు 29 నాటి సూపర్ సైక్లోన్‌లో ఒడిశా కూడా అంతమందిని కోల్పోయింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గంజాం జిల్లా గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. చేపల వేట మీద బతికే మన తెలుగువారు తరాలుగా ఉంటున్న తీరం అది. అదీ భయంకరమైన తుఫానే. కానీ ఈసారి ముందే హెచ్చరికలు అందాయి, తుఫాను షెల్టర్లు సిద్ధంగా ఉన్నాయి, దాదాపు 10 లక్షల మందిని తీరం నుంచి తరలించారు. మరణాలు పదుల సంఖ్యలోనే ఆగిపోయాయి. గాలి వీయకుండా ఎవరూ ఆపలేదు. పొరుగువాడి ప్రాణం విలువైనదని ముందుగా అనుకుని పనిచేయడం వల్ల తేడా వచ్చింది. కాబట్టి ప్రకృతి విపత్తులో కూడా మనుషుల వంతు ఎంత ఉందో అడగకుండా మొత్తం దేవుని ఖాతాలో రాయకూడదు.

అయినా మిగిలిపోయే బాధ ఉంది. పసిబిడ్డకు వచ్చిన క్యాన్సర్‌కు ఎవరి స్వేచ్ఛ కారణం? ఏ అధికారి నిర్లక్ష్యం కారణం? దీనికి మన దగ్గర జవాబు లేదు. ఉన్నట్టు నటించకూడదు. యోబు కూడా కారణం తెలుసుకోలేదు, దేవుణ్ణి చూశాడు. మనకు తెలిసినది ఇంతే. మన దేవుడు దూరంగా కూర్చుని బాధను లెక్కగట్టేవాడు కాడు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా అతని సమాధి దగ్గర ఏడ్చాడు. అన్యాయపు తీర్పుకు గురై, ఊరి బయట, అవమానంతో చనిపోయాడు. మూడో రోజు లేచి, చెడుది చివరి మాట కాదని చూపించాడు. బాధపడేవారి దగ్గరకు మనం తీసుకువెళ్ళగలిగేది ఆయన సన్నిధినే. అందుకు వారి పక్కన కూర్చోవాలి, తొందరపడి మాట్లాడకూడదు.

గుర్రం జాషువా 1941లో రాసిన "గబ్బిలం"లో ఆకలితో ఉన్న అంటరానివాడు గబ్బిలం ద్వారా శివుడికి తన గోడు పంపుకుంటాడు. మనిషికి తలుపులు మూసిన గుడిలోకి గబ్బిలానికి అడ్డు లేదు కాబట్టి. ఆ విన్నపం దేవుడికే అయినా, చదివినవాడికి ముందుగా తగిలేది తలుపు మూసిన మనుషుల సంగతి. మనం ఆ మాట విని ఇతరుల వైపు వేలు చూపలేం. తమిళనాడులో క్రైస్తవ శ్మశానాల్లోనే కులాన్ని బట్టి సమాధులు వేరుచేసిన చోట్లున్నాయి. పెళ్ళి సంబంధం వచ్చేసరికి కులం అడగని సంఘాలు మనలో ఎన్ని?

నిర్గమకాండం 3వ అధ్యాయంలో దేవుడు తన ప్రజల మొర విన్నానని, వాళ్ళ దుఃఖం తనకు తెలుసని, విడిపించడానికి దిగి వచ్చానని మోషేతో అంటాడు. వెంటనే, నువ్వు వెళ్ళు అంటాడు. దిగి వచ్చినవాడు ఆయనే, పంపబడినవాడు మనిషి. చెడు విషయంలో దేవుడు ఏం చేస్తున్నాడని అడిగేవారికి బైబిలు తరచుగా ఇచ్చే జవాబు ఇలాగే ఉంటుంది.

కాబట్టి మన సంఘాలకు ఒక చిన్న పని. మన చర్చికి, మన పాఠశాలకు, మన ఇంటికి ఉన్న సెప్టిక్ ట్యాంకును ఎవరు, ఎలా శుభ్రం చేస్తున్నారో ఈ వారమే కనుక్కుందాం. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని అందులోకి దించడం 2013 చట్టం ప్రకారం నేరం, మొదటిసారికే రెండేళ్ళ వరకు జైలుశిక్ష పడవచ్చు. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ మనిషి మన తమ్ముడు. యంత్రానికయ్యే ఖర్చు కమిటీ లెక్కల్లో ముందు రాయాలి, గోడకు రంగుల ఖర్చు తర్వాత రాసుకోవచ్చు. మన ఊళ్ళో ఇలా చనిపోయినవారి కుటుంబాలకు కోర్టు చెప్పిన పరిహారం అందిందో లేదో యవ్వనస్థులు కనుక్కోవాలి. అందకపోతే దరఖాస్తు రాసిపెట్టి, వాళ్ళతో కలిసి ఆఫీసుకు వెళ్ళాలి.

"ఎందుకు ప్రభువా" అని ఇంకా అడుగుదాం. ఆ ప్రార్థన మానవద్దు. అడిగేటప్పుడు మన తమ్ముడెక్కడున్నాడో తెలుసుకుని అడుగుదాం.