తినని పిల్లను మెచ్చుకోకండి

"ఎంత నాజూగ్గా అయ్యావే! ఏం చేశావు?" పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఒళ్లు తగ్గిన ఆడపిల్లకు మనం ముందుగా ఇచ్చే కితాబు ఇదే. ఎందుకు తగ్గిందని అడిగేవాళ్లు తక్కువ. జబ్బు చేసి తగ్గిందో, దిగులుతో తగ్గిందో, అన్నం మానేసి తగ్గిందో మనకు పట్టదు. తగ్గింది, అదే చాలు! ఈ అలవాటు ఒక్కోసారి ప్రాణం మీదికి తెస్తుంది.

కంచంలో అన్నం ఉన్నా, కడుపులో ఆకలి ఉన్నా, లావైపోతానన్న భయంతో తినలేకపోయే జబ్బు ఒకటుంది. దాని పేరు అనొరెక్సియా నెర్వోసా. లండన్ డాక్టరు విలియం గల్ 1873లో ఈ పేరు పెట్టాడు. అమెరికా గాయని కారెన్ కార్పెంటర్ ఈ జబ్బుతోనే గుండె దెబ్బతిని 1983లో 32 ఏళ్లకే చనిపోయింది. ఇదంతా దొరల దేశాల గొడవ, మనకెందుకు అనుకుంటున్నారా? కేరళలో ఒక కాలేజీ అమ్మాయి ఇంటర్నెట్‌లో చూసిన పద్ధతిలో తిండి మానేసి, నెలల తరబడి ఆ సంగతి ఇంట్లో దాచి, చివరికి 2025లో ఆస్పత్రిలో కన్నుమూసింది. అలాంటి ఫోనే మన నిజామాబాద్, బోధన్ పిల్లల చేతుల్లోనూ ఉంది.

మన జిల్లాకు ఆకలి కొత్త కాదు. బోధన్ శక్కర్‌నగర్‌లో తరాల పాటు నడిచిన చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో లే ఆఫ్‌తో మూతపడ్డప్పుడు ఇల్లు గడపడం ఎంత కష్టమైందో అక్కడి ఇల్లాళ్లకు తెలుసు. బీడీలు చుట్టే అక్కచెల్లెళ్లు చేతిలో లెక్క పూర్తయ్యేదాకా అన్నం సంగతే మరిచిపోతారు. అందరూ తిన్నాక మిగిలింది తినడమే ఇల్లాలి పద్ధతని మన అమ్మమ్మలు నేర్పారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల లోపు స్త్రీలలో నూటికి 57 మందికి పైగా రక్తహీనత ఉంది. ఇలాంటి చోట ఒక పిల్ల పాలిపోయి, చిక్కిపోయి కనిపిస్తే ఎవరికి వింత? లేమితో వచ్చే ఆకలి పక్కన, భయంతో కొనితెచ్చుకునే ఆకలి కనబడకుండా పోతుంది.

కనబడకుండా చేసేవి ఇంకా ఉన్నాయి. సోమవారం, గురువారం, శనివారం ఒక్కపొద్దులు. భక్తిని తప్పు పట్టడం లేదు. ఒక్కపొద్దు విడిచాక కమ్మగా తినే పిల్ల గురించి బెంగ అక్కర్లేదు. విడిచే వేళకు కూడా ఏదో సాకు చెప్పే పిల్లను, సద్దుల బతుకమ్మ నాడు సత్తుపిండి కూడా వద్దనే పిల్లను గమనించాలి. పైగా మన దేశంలో ఈ జబ్బున్న పిల్లలు చాలామంది "లావైపోతాను" అని పైకి అనరు. కడుపు ఉబ్బరంగా ఉంది, ముద్ద దిగడం లేదు అంటారు. మనం గ్యాస్ మాత్రలు వేసి ఊరుకుంటాం. హాస్టల్లో ఉండి నెలకోసారి ఇంటికొచ్చే పిల్లయితే ఆ మాత్రం కూడా తెలియదు.

లంఖణం పరమౌషధం అన్నారు పెద్దలు. అది జ్వరం వచ్చిన పూటకు చెప్పిన మాట, నెలల తరబడి కడుపు మాడ్చుకోమని కాదు. తిండి అందని ఒళ్లు ముందు కొవ్వును, తర్వాత కండను కరిగించుకుంటుంది. గుండె కూడా కండే కదా! నాడి నెమ్మదిస్తుంది, రక్తపోటు పడిపోతుంది. వాంతులు చేసుకున్నా, విరేచనాల మాత్రలు మింగినా ఒంట్లో పొటాషియం తగ్గి గుండె లయ తప్పుతుంది. నెలసరి ఆగిపోతుంది. ఎముకలు గట్టిపడాల్సిన వయసులో గుల్లబారతాయి. జుట్టు రాలుతుంది, ఒంటి మీద మాత్రం నూగు మొలుస్తుంది. ఎండాకాలంలోనూ చలి అంటుంది. రక్తపరీక్షలు బాగున్నాయని ధీమా పడకూడదు, జబ్బు ముదిరినా ఒక్కోసారి అవి మామూలుగానే ఉంటాయి. బొద్దుగా ఉన్న పిల్ల తిండి మానేసి గబగబా తగ్గినా ఇదే ప్రమాదం. మానసిక వ్యాధులన్నింటిలో ఎక్కువ ప్రాణాలు తీసే వాటిలో ఇదొకటి. మగపిల్లలకూ వస్తుంది.

మరి తల్లులు ఏం చేయాలి? తిట్టి, కొట్టి, ఒట్లు పెట్టి తినిపించబోతే పిల్ల ఇంకా ముడుచుకుపోతుంది. ఇది మొండితనం కాదు, జబ్బు. అలాగని చాలా రోజులు మాడిన పిల్లకు ఒక్కసారిగా కడుపు నిండా పెట్టేయడమూ ప్రమాదమే. రక్తంలో ఫాస్ఫేటు ఒక్కసారిగా పడిపోయి గుండె ఆగేదాకా రావచ్చు. డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా పెంచాలి. కళ్లు తిరిగి పడిపోయినా, గుండె దడగా ఉన్నా, మెలకువగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 50 కన్నా తక్కువ కొట్టుకున్నా ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. వరసగా మూడు నెలలు నెలసరి రాకపోతే సిగ్గుపడి దాచకండి.

మనోవ్యాధికి మందు లేదని సామెత. ఈ వ్యాధికి మాత్రం చికిత్స ఉంది, చాలామంది కోలుకుంటారు. అన్నిటికన్నా బాగా పనిచేసే వైద్యాల్లో ఒకటి తల్లిదండ్రులే పక్కన కూర్చుని, కొన్ని నెలల పాటు ప్రతి పూటా తిండి బాధ్యత తీసుకోవడం. అదెలాగో డాక్టర్లు నేర్పుతారు. నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రికి వెళ్లి మానసిక వైద్యుల్ని అడగండి. వెంటనే వెళ్లలేకపోతే టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మానసిక డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే పిల్లకు సంబంధాలు రావేమోనని జంకే తల్లులున్నారు. పిల్ల బతికి బాగుంటేనే కదా సంబంధాలైనా, సంసారాలైనా!

ఇక మనందరం చేయగలిగిన పని ఒకటుంది. పెళ్లిచూపుల్లో, చుట్టాల మధ్య ఆడపిల్ల ఒళ్లు గురించి వ్యాఖ్యానించడం మానేద్దాం. లావైందనీ వద్దు, సన్నబడిందనీ వద్దు. చిక్కిపోయిన పిల్ల కనిపిస్తే పక్కకు పిలిచి "ఒంట్లో బాగుందా తల్లీ? రెండు ముద్దలు నాతో తింటావా?" అని అడుగుదాం. తల్లికి చెప్పలేని మాట మేనత్తకో, పిన్నికో, పక్కింటి అక్కకో చెప్పే పిల్లలు చాలామంది ఉన్నారు.