కనీసం ఐదేళ్ల జైలు, అయినా ఆగని కట్నం

వరకట్న నిషేధ చట్టం 1961 జూలై 1న అమల్లోకి వచ్చింది. ఉభయ సభలకూ పొత్తు కుదరక, పార్లమెంటు సంయుక్త సమావేశం పెట్టి మరీ ఆమోదించిన చట్టమది. మొదట్లో శిక్ష ఆరు నెలలకు మించేది కాదు. అది చాలదని 1986లో కనీస శిక్షే ఐదేళ్లు చేశారు. అత్తింటి వేధింపులకు, కట్నం చావులకు వేరే సెక్షన్లూ వచ్చాయి. అయినా జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో నమోదైన వరకట్న మరణాలు 6,450.

శిక్ష ఇంకా పెంచాలంటారు కొందరు. లోపం అక్కడ లేదని మా అభిప్రాయం. ఈ చట్టం ముందు తీసుకున్నవాడే కాదు, ఇచ్చినవాడూ దోషే. కాబట్టి సంబంధం కుదిరిననాడు రెండు వైపులా నోరు మెదపరు. కూతురు కన్నీళ్లతో పుట్టింటికి వచ్చాక కూడా, మీరెందుకిచ్చారని తనమీదికే వస్తుందేమోనని తండ్రి స్టేషన్ మెట్లెక్కడానికి జంకుతాడు. నిజానికి బాధితులు ఇచ్చిన వాంగ్మూలాన్ని బట్టి వారిమీదే కేసు పెట్టకూడదని అదే చట్టం 7వ సెక్షన్ చెబుతోంది. పెళ్లికి ముందు పుచ్చుకున్న కట్నాన్ని మూడు నెలల్లో వధువుకే అప్పగించాలని 6వ సెక్షన్ అంటోంది. మన ఆదివారం ప్రసంగాల్లో ఇవి ఎన్నడైనా విన్నామా?

రోమీయులకు రాసిన పత్రికలో పౌలు ధర్మశాస్త్రాన్ని తీసిపారేయలేదు. పాపాన్ని పాపంగా చూపించడం దాని పని అన్నాడు, మనిషిని మార్చే బలం మాత్రం దానికి లేదన్నాడు. కట్నం విషయంలో మనం ఆ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయాం. దాన్ని పాపమనే అనుకోవడం లేదు. కానుక అంటాం, లాంఛనం అంటాం. రిసెప్షన్ వేదిక మీద కారు తాళాలు అందిస్తే చప్పట్లు కొడతాం, ఆపైన పాస్టరు గారితో ప్రార్థన కూడా చేయిస్తాం!

చాలా సంఘాల్లో పెళ్లికి ముందు వరుసగా మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలపమంటారు. ఆ అభ్యంతరమంతా వయసు, రక్తసంబంధం, మునుపటి పెళ్లి గురించే. మొదటి ప్రకటనకు ముందే, కట్నం ఇవ్వలేదు, పుచ్చుకోలేదు అని ఇరు కుటుంబాల చేతా సంఘం రాయించుకోవచ్చు. అలా అడిగితే పెద్ద కుటుంబాలు అలిగి పక్క సంఘానికి పోతాయన్న భయం కాపరులకు ఉంది. అది ఉత్త భయం కాదు, కొందరు పోతారు కూడా. అందుకే ఒక్క పాస్టరు మీద ఈ భారం వేయకుండా డయాసిస్‌లు, సినడ్‌లు, ఊళ్లోని పాస్టర్ల ఫెలోషిప్‌లు కలిసి ఈ నియమం పెట్టుకోవాలి.

సంతకం పెట్టి అబద్ధమాడేవారు ఉండరా అంటే ఉంటారు. కానీ పొలం తాకట్టు పెట్టడానికి తిరుగుతున్న తండ్రికి, తల్లిదండ్రుల ముందు వద్దని చెప్పలేని వరుడికి, “మా సంఘం ఒప్పుకోదండీ” అని చెప్పుకోవడానికి ఆ కాగితం పనికొస్తుంది.