పెట్టె మోసే కుర్రాడు ఆలస్యమైతే...

ఈ వారం తారల కబుర్లు లేవు. అవుట్‌డోర్ విశేషాలు లేవు. హీరోగారికీ డైరెక్టరుగారికీ మధ్య మాటల్లేవట, నిజమేనా అని అడుగుతారేమో... నాకు తెలీదు. నేను ఊరికే ఖాళీగా కూర్చోలేదు లెండి. పదహారు రోజులపాటు ఒక పాత కంప్యూటరు ముందు కూర్చుని డీవీడీలు కాల్చాను. అక్షరాలా కాల్చాననే అనుకోండి, ఆరు డిస్కులు తగలబెట్టాను మరి!

"ఈ రోజుల్లో డీవీడీ ఏమిటి మాస్టారూ?" అని మీరు నవ్వడం నాకిక్కడికి వినిపిస్తూనే వుంది. మీ చేతిలో ఫోనుంది. వేలితో అలా తోస్తే సినిమా వస్తుంది. కాని మా నాన్నగారికి ఫోనంటే మాట్లాడే వస్తువు మాత్రమే. బొమ్మ చూడాలంటే టీవీ వుండాలి, టీవీ కింద డీవీడీ ప్లేయరు వుండాలి, అందులో పళ్ళెం లాంటిదొకటి పెట్టాలి. ఆయన ముప్పై రెండేళ్ళు తెనాలి పక్కన ఒక టాకీసులో ఆపరేటరు. బొమ్మ అనేది చేత్తో పట్టుకోగల వస్తువని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని నేను మార్చదలచుకోలేదు.

అసలు సంగతికొస్తాను. 1998లో మా అక్కయ్య పెళ్ళికి తీసిన వీహెచ్ఎస్ క్యాసెట్టొకటి బీరువా అడుగున దొరికింది. ఆ కాలపు పెళ్ళి వీడియోలు మీలో కొందరైనా చూసే వుంటారు. వధూవరుల చుట్టూ హృదయాకారం, ఆకాశంలోంచి రాలే గులాబీలు, మొదటి నుంచి చివరి దాకా సినిమా పాటలు! వీడియో తీసినాయన మనుషుల మాటలన్నీ చెరిపేసి పాటలు అతికించేశాడు. అమ్మ అందులో ఎన్నోచోట్ల కనిపిస్తుంది, పెదవులు కదుపుతుంది, మాట మాత్రం వినిపించదు. ఒక్కచోట తప్ప. పంక్తి భోజనాల దగ్గర పాట అయిపోయి, రెండో పాట మొదలయ్యేలోగా ఓ పావు నిమిషం ఆయనగారు అతికించడం మర్చిపోయాడు. ఆ పావు నిమిషంలో అమ్మ చెయ్యి పైకెత్తి, "ఏమండీ... ఈ వరసకి నెయ్యి రాలేదు!" అంటుంది.

అమ్మ 2013లో పోయింది. ఆమె గొంతు మాకు మిగిలింది ఆ పావు నిమిషమే. రాబోయే ఆబ్దికం నాటికి ఆ క్యాసెట్టు టీవీలో చూడాలని నాన్నగారు అడిగారు. ఆయన నన్ను ఏదైనా అడగడం అరుదు.

క్యాసెట్టుకి బూజు పట్టింది. బంధువులింట్లో దొరికిన వీసీఆర్‌లో ఒక్కసారి సజావుగా తిరిగింది, రెండోసారి టేపు నలిగిపోయింది. ఆ ఒక్కసారిలోనే కంప్యూటరులోకి ఎక్కించేశాను కనక బతికిపోయాను. ఎక్కించింది నా కొత్త ల్యాప్‌టాప్‌లోకి కాదు. నేను ఇంటర్ చదివేప్పుడు, 2005లో, వాయిదాల మీద కొన్న పెంటియం 4 లోకి. వీసీఆర్ వైరు తగిలించే క్యాప్చర్ కార్డు దానికే వుంది, ఆ కార్డు ఎక్స్‌పీలో తప్ప పలకదు. డీవీడీ రాసే డ్రైవు కూడా దానికే వుంది. ముసలిదే, కాని ఇంట్లో ఈ పని తెలిసింది అదొక్కటే.

రెండు గంటల నలభై నిమిషాల పెళ్ళి. ఒక్క డిస్కులో కుక్కితే బొమ్మ చెడుతుంది. అట్ట మీద 4.7 జీబీ అని వుంటుందే గాని, అది వెయ్యి చొప్పున లెక్క. కంప్యూటరు 1024 చొప్పున లెక్కపెడుతుంది కనక అదే డిస్కుని 4.38గా చూపిస్తుంది. ఈ తేడా తెలీక "నన్ను మోసం చేశారు" అని దుకాణం మీదికి వెళ్ళినవాళ్ళని చూశాను. కాబట్టి ఇంటర్వెల్ పెట్టాను! తాళి కట్టేదాకా మొదటి డిస్కు, తలంబ్రాల నుంచి రెండోది. ఒక్కోటి 4.1 జీబీ.

డిస్కుకి ముందు దాని నకలు ఫైలు ఒకటి తయారుచేసుకోవాలి. చేస్తుంటే మధ్యలో "డిస్కు నిండిపోయింది" అని ఆగిపోయింది. చూస్తే డీ డ్రైవులో ముప్పై జీబీ ఖాళీ! అరగంట దాన్ని తిట్టాక అర్థమైంది. ఆ డ్రైవుని ఎప్పుడో ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేశాను. ఆ పద్ధతిలో ఒక్క ఫైలు 4 జీబీ దాటకూడదు. ఇల్లు ఖాళీయే, గుమ్మం చిన్నది. నల్ల తెర తెరిచి కన్వర్ట్ అనే ఆజ్ఞతో ఆ డ్రైవుని ఎన్‌టీఎఫ్‌ఎస్‌కి మార్చాను. ఫైళ్ళు చెరగకుండానే మారుతుంది. అయినా పెళ్ళిని ముందు వేరే డ్రైవులోకి నకలు తీసుకున్నాననుకోండి, భయం భయమే.

తరవాత డిస్కులు. 2009లో కొన్న ఖాళీ డిస్కులు అల్మరాలో వుంటే పొదుపు కదా అని వాటినే పెట్టాను. "పవర్ కాలిబ్రేషన్ ఎర్రర్" అంది. రాయడానికి ముందు డ్రైవు డిస్కు లోపలి అంచున కాస్త జాగాలో లేజరు ఎంత మంట పెడితే సరిపోతుందో పరీక్ష చేసుకుంటుంది. ఆ పరీక్ష తప్పిందన్నమాట. డిస్కులో వున్న రంగుపూత పాతబడ్డా, కటకం మీద దుమ్ము పట్టినా, లేజరు నీరసించినా ఇదే మాట. మూడు డిస్కులు పోయాక సికిందరాబాదు చినాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళాను. డీవీడీ-ఆర్ కావాలంటే కుర్రాడు నన్ను కాసేపు జాలిగా చూసి లోపల్నుంచి తెచ్చిచ్చాడు. ప్లస్ ఆర్ కూడా వున్నాయి గాని, పాత ప్లేయర్లు సాధారణంగా మైనస్‌ని తొందరగా ఒప్పుకుంటాయి. ఇంటికొచ్చి కటకం మీద రబ్బరు బుడ్డితో గాలి కొట్టాను. నోటితో మాత్రం ఊదకండి, తుంపర పడుతుంది.

ఈసారి రాసింది! ఎనిమిది రెట్ల వేగం పెట్టాను. రెండు డిస్కులూ "విజయవంతం" అన్నాడు. సరిచూడమంటావా అని అడిగితే వద్దన్నాను. రైలు టైమైపోతోంది మరి. (ఇక్కడ నా నెత్తిన ఒక మొట్టికాయ వెయ్యండి.)

తెనాలిలో దిగి, టీవీ ముందు అందరం కూర్చున్నాం. నాన్నగారు చొక్కా మార్చుకుని వచ్చారు. మొదటి డిస్కు రెండుమూడుచోట్ల ఉలిక్కిపడింది గాని నడిచింది. రెండోది పెట్టాం. అప్పగింతలయ్యాయి. భోజనాలొచ్చాయి. విస్తళ్ళు, అప్పడాలు, అమ్మ తల తిప్పింది, చెయ్యి ఎత్తింది... అంతే. బొమ్మ చతురస్రాలుగా చెదిరి బిగుసుకుపోయింది. గిర్రు గిర్రుమని చప్పుడు తప్ప ఇంకేం లేదు.

ఎవ్వరం మాట్లాడలేదు. నాన్నగారు లేచి డిస్కు బయటికి తీసి, కిటికీ దగ్గర వెలుతురుకి ఏటవాలుగా పెట్టి చూశారు, ఫిల్ము ముక్క చూసినట్టు! కాల్చినంత మేర రంగు మారి వలయంలా కనిపిస్తుంది. మధ్యలోంచి బయటి అంచుకి రాస్తుంది కనక భోజనాలు దాదాపు అంచు దగ్గరికొచ్చాయి.

"ఇది రాయడానికి ఎంతసేపు పట్టిందిరా?" అన్నారు.

"యాభై నిమిషాలు నాన్నా."

"పట్టాల్సింది?"

"పది."

"మరి నలభై నిమిషాలు పెట్టె ఎక్కడ ఆగింది?"

మీలో చాలామందికి ఈ మాట అర్థం కాదు. చెబుతాను. ప్రింట్లు తక్కువగా వున్న రోజుల్లో ఒకే ప్రింటుని రెండు హాళ్ళలో ఆడించేవాళ్ళు. ఇక్కడ ఆట గంట ముందు మొదలెట్టి, ఆడిన రీళ్ళు పెట్టెలో పెట్టి సైకిలు మీద ఒక కుర్రాడికిచ్చి రెండో హాలుకి పంపేవాళ్ళు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. ప్రొజెక్టరు ఎవరి కోసమూ ఆగదు. సైకిలు పంక్చరైందా, రైల్వే గేటు పడిందా... తెర తెల్లబడేది. ఈలలు, కేకలు, కుర్చీల చప్పుళ్ళు! హీరోయిన్ కొండ అంచున వేలాడుతుంటే పెట్టె రాక హాలంతా ఇరవై నిమిషాలు వేలాడిన ఆటలు నాన్నగారు ఇప్పటికీ చెబుతారు.

డీవీడీ కాల్చడం సరిగ్గా ఇంతే! లేజరు ప్రొజెక్టరు. హార్డు డిస్కు మొదటి హాలు. మధ్యన బఫరు అని ఓ చిన్న అరుగు వుంటుంది, వచ్చిన పెట్టెలు అక్కడ పేరుస్తారు. అరుగు ఖాళీ అయితే పూర్వం డిస్కు అక్కడితో చెత్తబుట్టకే. తరవాత వచ్చిన డ్రైవులు తెలివి నేర్చాయి: సరుకు అందకపోతే లేజరు ఆగుతుంది, అందాక ఆపినచోటు నుంచి మళ్ళీ మొదలెడుతుంది. డిస్కు పోదు, కాని ఆగిన ప్రతిచోటా ఒక అతుకు.

"దీనికెన్ని అతుకులున్నాయో!" అన్నారు నాన్నగారు. "అతుకులెక్కువైన ప్రింటు మంచి మిషన్లో నడుస్తుంది. మన ముసలి మిషన్లో గేటు దగ్గరే తెగుతుంది. కుర్రాణ్ణి చూడు ముందు."

హైదరాబాదు తిరిగొచ్చి కుర్రాణ్ణి చూశాను. డివైస్ మేనేజర్‌లో ఐడీఈ కంట్రోలర్లని ఒక వరస వుంటుంది. అందులో సెకండరీ ఛానెల్ తెరిచి, ప్రస్తుతం ఏ పద్ధతిలో సరుకు రవాణా అవుతోందని చూస్తే "పీఐవో" అని వుంది! డీఎంఏ అని వుండాలి. డీఎంఏ అంటే సరుకు తిన్నగా మెమరీకి చేరుతుంది. పీఐవో అంటే ప్రతి గుప్పెడూ ప్రాసెసరే స్వయంగా మోయాలి. మోటారు మీద వెళ్ళాల్సిన కుర్రాడు నడిచి వెళుతున్నాడు, నెత్తిన పెట్టెతో.

ఇలా ఎందుకైందయ్యా అంటే, తప్పు నాదే. ఎక్స్‌పీకి ఒక జాగ్రత్త వుంది. రవాణాలో పొరపాట్లు కొన్ని పోగుపడితే, ఆరు చాలు, వేగం ఒక మెట్టు తగ్గిస్తుంది. మళ్ళీ పోగుపడితే ఇంకో మెట్టు. అలా దిగి దిగి పీఐవో దగ్గర కూలబడుతుంది, తనంతట తాను మళ్ళీ లేవదు. డిగ్రీ రోజుల్లో అద్దె షాపు నుంచి తెచ్చిన గీతల డిస్కులు ఆ డ్రైవులో ఎన్ని కుక్కానో! క్లైమాక్సు దగ్గర ఆగిపోతే తుడిచి, ఊది, మళ్ళీ పెట్టి... అప్పటి అప్పు ఇప్పుడు వసూలైంది.

మందు సులువే. ఆ సెకండరీ ఛానెల్‌ని అన్‌ఇన్‌స్టాల్ చేసి కంప్యూటరు ఆపి వేస్తే చాలు, ఎక్స్‌పీ దాన్ని కొత్తగా వచ్చినవాడనుకుని పాత పొరపాట్లు మర్చిపోతుంది. చూస్తే "అల్ట్రా డీఎంఏ మోడ్ 2" అని వచ్చింది. పనిలో పని, లోపల వదులుగా వున్న పట్టీ కేబులు కూడా నొక్కిపెట్టాను. స్క్రీన్‌సేవరు, యాంటీవైరసు ఆపేశాను. ఈసారి నాలుగు రెట్ల వేగమే పెట్టాను, దురాశకు పోకుండా. బఫరు గీత చివరిదాకా నిండుగా నిలబడింది. పావుగంటలో పని అయిపోయింది. సరిచూడమంటావా అంటే సరిచూడమన్నాను. ఒక్క పొరపాటూ లేదు. మిగిలిన డిస్కులో రెండో కాపీ కూడా తీసి, నకలు ఫైళ్ళు విడిగా దాచాను.

ఆబ్దికం నాటి సాయంత్రం మళ్ళీ అందరం కూర్చున్నాం. అక్కయ్య కూడా వచ్చింది. విస్తళ్ళు, అప్పడాలు. అమ్మ తల తిప్పింది, చెయ్యి ఎత్తింది. "ఏమండీ... ఈ వరసకి నెయ్యి రాలేదు!"

రెండో పాట మొదలైంది. నాన్నగారు రిమోటు చేతిలో పట్టుకుని వెనక్కి తిప్పలేదు, ఆపలేదు. పాట సగం అయ్యాక అన్నారు:

"ఆ రోజు ఆ వరస నేనే వదిలేశానురా. తరవాత తీసుకెళ్ళాను గాని, అప్పటికే మీ అమ్మ పెరుగన్నంలోకి వెళ్ళిపోయింది."