ఉక్కు నగరంలో చెక్క జాగ్రత్త

1912లో టాటా కర్మాగారం తొలి ఉక్కు దిమ్మెను అందించిన జంషెడ్‌పూర్‌లో ఇనుము బాగోగులు తెలిసినవాళ్లకు కొదవ లేదు. స్కేట్‌బోర్డుతో వచ్చే చిక్కల్లా చెక్కదే. 2021లో టోక్యో ఒలింపిక్స్‌లో ఈ ఆట తొలిసారి ప్రవేశించినప్పుడు మహిళల స్ట్రీట్ విభాగంలో స్వర్ణం గెలిచిన జపాన్ బాలిక మోమిజి నిషియా వయసు 13 ఏళ్లే. ఆ ఈడు పిల్లలు ఎక్కే చెక్క ఎంత గట్టిగా ఉందో చూడాల్సింది పెద్దలే.

మేలురకం బోర్డు ఒకే పలక కాదు. మేపుల్ చెక్కను పల్చటి పొరలుగా తీసి, సాధారణంగా ఏడింటిని జిగురుతో అతికి, ఒత్తి తయారు చేస్తారు. దాని బలమంతా ఆ అతుకులోనే ఉంది. నీళ్లు దెబ్బతీసేదీ అక్కడే. అంచుల నుంచి, బోల్టు రంధ్రాల నుంచి తేమ చొరబడితే చెక్క ఉబ్బుతుంది, పొరలు విడిపోతాయి. సువర్ణరేఖ, ఖర్కాయి నదుల నడుమ ఉన్న ఊళ్లో జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఈ బెడద తప్పదు. విశాఖపట్నంలోనైనా అంతే.

అందుకే తడి రోడ్డు మీద బోర్డును దించకపోవడమే మొదటి సూత్రం. పొరపాటున తడిస్తే పొడిగుడ్డతో తుడిచి నీడలో, గాలి తగిలే చోట ఆరబెట్టాలి. త్వరగా ఆరుతుందని ఎండలో పెడితే చెక్క వంకర పోతుంది. వేసవిలో తలుపులు మూసిన కారులో వదిలేసినా అదే గతి. చెమ్మ గోడకు ఆనించడమూ మంచిది కాదు. అరిగిన అంచులను గరుకు కాగితంతో నునుపు చేసి, పల్చగా వార్నిష్ పూస్తే తేమ చొరబడటం తగ్గుతుంది.

చక్రాల్లోని ఉక్కు బేరింగులకూ నీళ్లు పడవు. తడిస్తే వాటిని విప్పి, శుభ్రం చేసి, పూర్తిగా ఆరాక ఒకటి రెండు చుక్కల కుట్టుమిషను నూనె వేస్తే చాలు. బండి ఇరుసుకు పెట్టినట్టు చిక్కటి కందెన దట్టిస్తే దుమ్ము పట్టి చక్రం బరువెక్కుతుంది.

కుండ కొనేవాళ్లు తట్టి చూసినట్టే బోర్డునూ అప్పుడప్పుడు పరీక్షించాలి. తోకను నేలకు కొట్టినప్పుడు వినిపించే గట్టి చప్పుడు మొద్దుబారిందంటే చెక్క బలహీనపడుతోందని అనుమానించాలి. అంచున ఒక పొర కాస్త లేస్తే చెక్క జిగురు పెట్టి బిగించవచ్చు. బోల్టుల దగ్గర అడ్డంగా పగులు కనిపిస్తే మాత్రం అతుకులతో సరిపెట్టకూడదు. చక్రాలు, ఇరుసులు బాగుంటే వాటినే వాడుకుంటూ చెక్క ఒక్కటే మార్చుకోవచ్చు. కొత్త చెక్క ఖర్చని వెనకాడితే, పాతది విరిగేది పిల్లవాడు దాని మీద ఉన్నప్పుడే.