ఊరు దాటితే ఆగిపోయే హక్కు

మన చిన్న పట్టణాల్లో ఏ బస్టాండు గోడ చూసినా అవే రాతలు. సుఖవ్యాధులు, నరాల బలహీనత, ఫలానా లాడ్జిలో నెలకోసారి డాక్టరు గారి క్యాంపు. లైంగిక ఆరోగ్యం గురించి ఈ ఊళ్లు బాహాటంగా మాట్లాడేది ఇంతే. పని మీద వచ్చిన ఒక స్వలింగ ప్రేమికుడికి జబ్బు చేసినా, భయం పట్టుకున్నా ముందుగా కనబడేది ఈ గోడే. అతను లారీ క్లీనరు కావచ్చు, మందుల కంపెనీ రిప్రజెంటేటివ్ కావచ్చు, పెళ్ళికొచ్చిన చుట్టం కావచ్చు. హైదరాబాదులోనో విశాఖలోనో అయితే ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలో చెప్పే స్నేహితులు ఉంటారు. ఇక్కడ ఎవరిని అడగాలి?

అడగటానికి వ్యవధి కూడా తక్కువే. హెచ్.ఐ.వి. సోకే అవకాశం ఉన్న కలయిక జరిగితే నివారణ మందులు 72 గంటల లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది, 28 రోజులు ఆపకుండా వాడాలి. శనివారం రాత్రి అవసరం పడితే ఆదివారం ఓపీ ఉండదు. సోమవారం పండగైతే ఎన్ని గంటలు మిగులుతాయో లెక్క వేసుకోండి. క్యాజువాలిటీకి వెళ్లవచ్చు, నిజమే. పది మంది నిలబడ్డ చోట ఏమని చెప్పుకోవాలి?

ప్రభుత్వం ఏమీ చేయలేదని అనటం లేదు. ఐ.సి.టి.సి. కేంద్రాల్లో హెచ్.ఐ.వి. పరీక్ష ఉచితం. సుఖవ్యాధులకు జాతీయ కార్యక్రమం రంగుల ప్యాకెట్లలో మందులు తయారు చేయించింది. మూత్రనాళం నుంచి స్రావానికి, స్త్రీలలో గర్భాశయ ముఖద్వారం వాపుకు, మలద్వారం నుంచి స్రావానికి ఇచ్చేది ఒకే బూడిదరంగు ప్యాకెట్. అంటే పురుషుడికి మలద్వారంలో కూడా ఈ జబ్బు రావచ్చునని ఢిల్లీలో ప్యాకెట్ నిర్ణయించిన వారికి తెలుసు. ఓపీలో కూర్చున్న డాక్టరు మాత్రం "పెళ్లయిందా? భార్యను కూడా తీసుకురా" అంటాడు. రోగి తలూపుతాడు. గొంతులో, మలద్వారంలో వచ్చే ఇన్‌ఫెక్షన్లు చాలాసార్లు ఏ లక్షణమూ చూపించవు. అడగని డాక్టరుకు, చెప్పలేని రోగికి మధ్య ఆ జబ్బు అలాగే ఉండిపోతుంది. ధైర్యం చేసి చెబితే, దీన్ని మాన్పిస్తానని బయలుదేరే డాక్టర్లూ ఉన్నారు. అలాంటి "చికిత్స" వృత్తి ధర్మానికి విరుద్ధమని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే ప్రకటించింది.

పురుషులతో సంబంధాలున్న పురుషుల కోసం స్వచ్ఛంద సంస్థల ద్వారా నడిచే కార్యక్రమాలు ఉన్నాయి. అవి స్థానికుల పేర్లు రాసుకుని, వారిని తరచూ కలుస్తూ నడిచేవి. రెండు రోజులుండి పోయేవాడు ఆ రిజిస్టరులో ఇమడడు.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. ఆ ఊరి స్వలింగ ప్రేమికుడు కూడా ఆ ఊరి ఆసుపత్రికి వెళ్లడు. చీటీ రాసేవాడు మేనమామ స్నేహితుడు, నర్సమ్మది పక్క వీధి. అందుకని అతనూ బస్సెక్కి ఇంకో ఊరికి పోతాడు. ఆ రోజు కూలి పోతుంది, మళ్లీ రమ్మంటే వెళ్లలేడు. సొంత ఊళ్లోనే అతన్ని పరదేశిని చేశాం.

స్త్రీల పత్రికకు ఇదంతా ఎందుకని అడిగేవారు ఉంటారు. ఈ ప్రశ్నలు మనకు కొత్తవా? పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ గర్భస్రావానికి ఆమె సమ్మతి చాలునని చట్టం 1971 నుంచీ చెబుతోంది. అయినా భర్త సంతకం అడుగుతూనే ఉన్నారు. పెళ్లికాని అమ్మాయి తెల్లబట్ట అవుతోందని చెప్పుకోవటానికే పక్క ఊరికి పోతుంది. పైగా ఇంట్లో వాళ్ల బలవంతం మీద పెళ్లి చేసుకున్న ఇలాంటి పురుషుల వెనక భార్యలు ఉన్నారు. భర్తకు వైద్యం అందకపోతే జబ్బు ఆమెకూ వస్తుంది, నింద కూడా ఆమె మీదికే వస్తుంది.

సుప్రీంకోర్టు 377వ సెక్షన్ మీద తీర్పు చెప్పింది 2018 సెప్టెంబరు 6న. నాలుగు రోజుల తర్వాత, 10న, హెచ్.ఐ.వి. చట్టం అమలులోకి వచ్చింది. సమ్మతి లేకుండా పరీక్ష చేయరాదని, ఫలితం బయటపెట్టరాదని, వైద్యం నిరాకరించరాదని అది చెబుతుంది. భాగస్వామికి చెప్పవలసి వస్తే డాక్టరు గానీ కౌన్సిలరు గానీ మాత్రమే, అదీ రోగికి ముందుగా తెలియజేసి, ఆమెకు కౌన్సెలింగ్ ఇచ్చి చెప్పాలి. కాంపౌండరు నోటి నుంచి టీ బడ్డీకి చేరటం ఈ చట్టాన్ని ఉల్లంఘించటమే. భార్య తెలుసుకునే హక్కునూ, భర్త గోప్యతనూ ఒకదానితో ఒకటి తగాదా పెట్టనవసరం లేదని ఈ నిబంధన చూస్తే తెలుస్తుంది.

వచ్చే సంచిక లోపు మన జిల్లా శాఖల వారు తమ ఏరియా ఆసుపత్రికి ఒకసారి వెళ్లి రావాలి. 1097 ఉచిత ఫోను నంబరు ఓపీ గోడ మీద కనబడుతోందా, ఆదివారం రాత్రి వస్తే నివారణ మందులు ఎవరి దగ్గర ఉంటాయి, ఫిర్యాదు తీసుకునే అధికారి ఎవరు, డాక్టరుతో మాట్లాడేటప్పుడు తలుపు మూస్తారా అన్నవి చూసి రాయండి. పేర్లు వద్దు. ఊరి పేరు, తేదీ చాలు.