వంటగట్టు – స్వహస్తకృషి

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్న సామెత తెలుగువారి నోట తరతరాలుగా వినిపిస్తున్నది. ఇందులో వ్యయప్రయాసలను గురించిన హెచ్చరికతోపాటు, స్వయంగా చేసినవారికే పనిలోని లోతు తెలుస్తుందన్న సత్యమూ ఇమిడి ఉంది. ఇంటిలో ప్రతిదినమూ ఎక్కువగా ఉపయోగపడే భాగాలలో వంటగది గట్టు ఒకటి. అయినా ఇల్లు కట్టేవేళ తక్కువ ఆలోచనకు నోచుకొనేదీ అదే. పాతబడిన గట్టును తొలగించి కొత్తదానిని అమర్చుకోవడం ఇంటివారు స్వయంగా చేసుకోదగిన పనియేనా? నిస్సందేహంగా చేసుకోదగినదే. అయితే అందులో ఏది తాము చేయాలో, ఏది నిపుణునికి అప్పగించాలో గుర్తించడం అవసరం. ఆ వివేకమే ఈ పని నేర్పే అసలు విద్య.

పూర్వం తెలుగు ఇళ్ళలో పొయ్యి నేలమీదనే ఉండేది. గృహిణి పీటమీద కూర్చుండి వండేది, కత్తిపీటతో కూరలు తరిగేది. వంటగ్యాసు వాడుకలోకి వచ్చిన తరువాత నిలబడి వండే పద్ధతి వ్యాపించింది. దానితో గట్టు వంటగదికి ప్రధానాంగమైంది. కాని దాని ఎత్తును నిర్ణయించినది ఎవరు? చాలా ఇళ్ళలో మేస్త్రీ అలవాటు, ఇంటి యజమాని తొందర కలిసి నిర్ణయించాయి. అక్కడ గంటల తరబడి నిలబడే స్త్రీని అడిగినవారు అరుదు. పనిచేసే తలం మోచేతికంటే సుమారు 10 నుండి 15 సెంటీమీటర్లు దిగువన ఉంటే నడుము వంగదు, భుజాలు పైకి లేవవు. పొట్టివారికీ పొడుగువారికీ ఒకే ఎత్తు సరిపోదు. గట్టును మార్చే సందర్భం ఈ పొరపాటును దిద్దుకొనే అవకాశం. కనుక కొలత పట్టీ చేతికి తీసుకొనక ముందే వంట చేసేవారి అభిప్రాయాన్ని తెలుసుకోవాలి. ఇంటిలో వంట అందరూ పంచుకొనే పనియైతే ఈ ప్రశ్న అందరికీ సంబంధించినదవుతుంది.

తరువాతి మెట్టు రాతి ఎంపిక. తెలుగు నేల ఈ విషయంలో భాగ్యవంతమైనది. కడప, బేతంచెర్ల, తాండూరు ప్రాంతాల నాపరాళ్ళు, ప్రకాశం జిల్లా చీమకుర్తి గ్రానైటు, కరీంనగర్ గ్రానైటు ప్రసిద్ధి పొందినవి. నాపరాయి సున్నపురాతి జాతికి చెందినది. చింతపండు పులుసు, నిమ్మరసం దానిపై పడి నిలిచినచోట ఆమ్లం రాతితో చర్య జరిపి మెరుపును హరిస్తుంది. గ్రానైటు వంటింటి పులుపుకు సులభంగా లొంగదు. కాని దాని సూక్ష్మరంధ్రాలలోనికి నూనె, పసుపు ఇంకి మరకలు పడవచ్చు. ఈ భేదాన్ని గ్రహించినవారు అంగడిలోని మెరుపును మాత్రమే చూసి మోసపోరు. రసాయనశాస్త్ర పాఠం వంటింటిలో ప్రత్యక్షమయ్యే తీరు ఇది.

గణితశాస్త్రమూ ఇక్కడ పనికి వస్తుంది. గదిగోడలు సరిగ్గా లంబకోణంలో కలిసి ఉండడం అరుదు. మూలనుండి ఒక గోడవెంట 90 సెంటీమీటర్లు, రెండవ గోడవెంట 120 సెంటీమీటర్లు గుర్తించి, ఆ రెండు గుర్తుల నడుమ దూరాన్ని కొలవాలి. అది 150 సెంటీమీటర్లయితే మూల లంబంగా ఉన్నట్లు. ఏమాత్రం తేడా ఉన్నా అట్టముక్కతో గోడ వాలును నమూనాగా కత్తిరించి, దాని ప్రకారమే రాయిని కోయించాలి. గోడలను పరీక్షించకుండా కోయించిన రాయి ఇంటికి వచ్చాక ఇమడకపోవచ్చు. అప్పుడు ధనమూ శ్రమా రెండూ వృథా.

పాత గట్టును తీసే ముందు సిలిండరు వాల్వు మూసి, రెగ్యులేటరు తొలగించి, సిలిండరును దూరంగా ఉంచాలి. నీటి కుళాయి కట్టివేయాలి. కొత్త బండ బరువును ముందే లెక్కించుకోవాలి. 240 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, 2 సెంటీమీటర్ల మందం గల గ్రానైటు పలక సుమారు 78 కిలోగ్రాములు తూగుతుంది. రాయి నొక్కుడును భరించగలదు కాని వంపును భరించలేదు. అందుచేత దానిని పడుకోబెట్టి కాక నిలువుగా, తగినంతమంది కలిసి మోయాలి. సింకు కోసం తీసే రంధ్రపు మూలలు గుండ్రంగా ఉండాలి. పదునైన మూలనుండే పగులు మొదలవుతుంది. పలకకు ఆధారమైన గోడలను రసమట్టంతో సరిచూసి, మాలు సమంగా పరచి, బండను నిదానంగా దించాలి. మాలు గట్టిపడేవరకు దానిపై బరువు పెట్టరాదు. తొందర ఈ పనికి ప్రథమ శత్రువు.

ఈ పనులన్నింటిలో ఇంటివారు చేయరానిది ఒక్కటే: రాతిని ఇంటిలో పొడిగా కోయడం. గ్రానైటులో సిలికా ఉంటుంది. కోత యంత్రం నుండి లేచే అతిసూక్ష్మమైన ధూళి ఊపిరితిత్తులలో చేరి సిలికోసిస్ అనే వ్యాధిని కలిగిస్తుంది. దానిని పూర్తిగా నయంచేసే చికిత్స లేదు. క్వార్ట్‌జు పొడిని రెసిన్‌తో కలిపి తయారుచేసే కృత్రిమ శిలలలో సిలికా 90 శాతాన్ని మించడమూ సామాన్యమే. ఆ శిలను కోసే కార్మికులు వ్యాధిగ్రస్తులు కావడం చూసి ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుండి దాని తయారీని, సరఫరాను, అమరికను నిషేధించింది. ముక్కుకు కట్టుకొన్న రుమాలు ఈ ధూళిని ఆపలేదు. నీటిధారతో కోసే యంత్రం, ధూళిని పీల్చివేసే సాధనం, తగిన ముసుగు ఉన్నచోటనే కోత జరగాలి.

ఇక్కడ ఒక ధర్మసూక్ష్మం ఉంది. తాను పీల్చడానికి జంకే ధూళిని కూలివానిచేత పీల్పించడం న్యాయమా? పెరటిలో పొడిగా కోయిస్తే నాలుగు డబ్బులు మిగులుతాయని సంతోషించే యజమాని, ఆ మిగులుకు మూల్యం చెల్లిస్తున్నది మరొకరి ఊపిరి అని గ్రహించాలి.

అందరూ తమ పని తామే చేసుకొంటే తాపీ మేస్త్రీల బ్రతుకు ఏమవుతుందని కొందరు ప్రశ్నిస్తారు. ఆలోచింపదగిన ప్రశ్నే. అయితే ఒకసారి రసమట్టంలోని గాలిబుడగను మధ్యకు తేవడానికి చెమటోడ్చినవాడు మేస్త్రీ నైపుణ్యాన్ని చులకన చేయడు. కూలి దగ్గర అన్యాయంగా బేరమాడడు. క్లిష్టమైన పనికి నిపుణుని పిలిచినప్పుడు అతనిని గౌరవంతో పిలుస్తాడు. చదువుకొన్నవానికి చేతిపని తగదన్న భావన సమాజంలో ఇంకా తొలగిపోలేదు. ఆ భావన వల్ల నష్టపోయినవారు శ్రామికులు మాత్రమే కాదు, విద్యావంతులు కూడా. చేతితో చేసి తెలుసుకోవలసిన జ్ఞానం వారికి దూరమైంది.

గట్టు అమర్చుకొన్న ఇంటివారికి మిగిలేది కొంత ధనం, ఒక నునుపైన రాయి మాత్రమే కాదు. వండేవారి నడుము నొప్పిని, బండను మోసేవారి భుజబలాన్ని, రాతిని కోసేవారి ఊపిరిని వారు లెక్కలోనికి తీసుకోవడం నేర్చుకొంటారు. చదువుకొన్నవారికి ఆ లెక్క తెలియడం ఎంతైనా అవసరం.