పలుకు రాని పసిబిడ్డ

ఏడాదిన్నర ప్రాయముగల బిడ్డ యొకతె మన దేశమందలి యేదో యొక శిశుగృహము నుండి విమానమెక్కి, అమెరికాలో నొక గృహస్థుని యింట దత్తపుత్రికగా కాలు పెట్టినదనుకొందము. ఆ యింటివారు నోరారా పిలుతురు, బొమ్మలు చూపుదురు, కథలు చెప్పుదురు. బిడ్డ తెల్లబోయి చూచునే గాని పలుకదు. మాసములు గడచును. తోడి యీడువారు చిన్ని చిన్ని వాక్యములు కూర్చుచుండగా ఈమెకు పట్టుమని పది మాటలు రావు. అప్పుడు చుట్టుప్రక్కలవారు తీర్పులు చెప్ప మొదలిడుదురు. బిడ్డకు తెలివి చాలదని కొందరందురు. తొందరేమి, రెండు భాషల నడుమ చిక్కుకొన్నది, తానే తేరుకొనునని మరికొందరందురు. ఈ రెండు తీర్పులును పొరపాటులే. మొదటిది బిడ్డకు చేయు అన్యాయము. రెండవది ప్రేమతో చేయు ఉపేక్ష.

పరదేశపు గృహస్థుల యింటి ముచ్చట మనకేల యని పఠనమందిరమున నెవరైన నడుగవచ్చును. మనకు కావలసిన ముచ్చటయే. దేశాంతరములకు దత్తు పోవు పసివారిలో మన దేశపు బిడ్డలున్నారు. మన తెలుగు జిల్లాల బిడ్డలున్నారు. వారి మౌనము అక్కడ బయలుపడుచున్నను, దాని మూలము పెక్కుమారులు ఇక్కడనే యుండును. ఈ యొక్క మాట చెప్పుటకే మేము నేడు కలము పట్టితిమి.

తొలిమాట పలికిన నాడే బిడ్డ భాష నేర్చుట మొదలిడినదని మనమందరము తలచుచుందుము. అది నిజము కాదు. కెనడా దేశమున జానెట్ వెర్కర్ అను విదుషి తన సహచరునితో కూడి 1984లో ప్రకటించిన పరీక్షాఫలములు ఈ విషయమున లోకమునకు కన్ను తెరిపించినవి. హిందీలో తకారమునకును టకారమునకును గల భేదమును, ఇంగ్లీషు మాత్రమే పలుకు ఇండ్లలోని శిశువులు ఆరు మొదలు ఎనిమిది నెలల వయసున గుర్తింపగలిగిరి. పది, పండ్రెండు నెలలకు వచ్చునప్పటికి వారిలో నించుమించుగా ఆ శక్తి నశించెను. తెలుగువారమగు మనకు పుట్టుకతో నబ్బినదని మనమనుకొను ఈ భేదజ్ఞానము, నిజమునకు ఉగ్గుపాలతో పాటు వినుచు వినుచు నిలుపుకొన్నదే! బిడ్డ నోరు విప్పకముందే చెవి తన చుట్టునున్న భాషకు అనువుగా దిద్దుకొనుచున్నదని దీని తాత్పర్యము.

ఇట్లు దిద్దుకొన్న చెవితో నున్న బిడ్డను ఏడాదిన్నర ప్రాయమున మరియొక భాషలో నాటినచో నేమగును? మన పట్టణములందలి బిడ్డ యింట తెలుగును, వీధిలో ఉర్దూను, బడిలో ఇంగ్లీషును నేర్చును. అక్కడ ఒక భాష మీద మరియొక భాష చేరుచున్నది. దత్తు పోయిన బిడ్డ గతి యట్టిది కాదు. విమానమెక్కిన నాటితో తొలిభాష తెగిపోవును. రెండవది యింకను రాలేదు. విన్న మాట మరల వినబడనందున కొలది మాసములలోనే తొలిభాష మరపున పడును. కావున ఈ బిడ్డను రెండు భాషల బిడ్డయనుట తగదు. కొంతకాలము ఏ భాషయు లేని బిడ్డ యనుటయే సత్యము. పండితులు ఈ స్థితిలో నేర్చు భాషను "రెండవ తొలిభాష" యని వ్యవహరించుచున్నారు. ఆ పేరులోనే బిడ్డ పడు ప్రయాస యంతయు నున్నది.

అయినను భాష మారుట యొక్కటియే బిడ్డకు తీరని హాని చేయదు. చీనా నుండి అమెరికాకు దత్తు వచ్చిన పసివారిని పరీక్షించి 2005లో ప్రకటించిన యొక పరిశీలనలో, వచ్చిన రెండేండ్లకే వారిలో అధికసంఖ్యాకులు అక్కడి సామాన్యపు బిడ్డల స్థాయి నందుకొనిరని తేలినది. హార్వర్డు విశ్వవిద్యాలయమున జెస్సీ స్నెడెకర్ మున్నగువారు 2007లో ప్రకటించిన దానిలో మరియొక వింత కలదు. కొంచెము పెద్దవారై వచ్చిన చీనా బిడ్డలు సైతము ఇంగ్లీషును చంటిబిడ్డలు నేర్చిన వరుసలోనే నేర్చిరి. మొదట వస్తువుల పేళ్లు, పిమ్మట క్రియాపదములు, అటుపై వాక్యమును కలుపు చిన్నమాటలు. వయసు ముదిరినను వారు మొదటి మెట్టు నుండియే యెక్కవలసి వచ్చెను. కాని యెక్కిరి, వేగముగా నెక్కిరి. పాఠశాలకు పోవు వయసున కొందరికి విన్న మాటలను గుర్తుంచుకొనుటలో వెనుకబాటు కానవచ్చుట గలదు. దానికి తగిన సహాయము వలయును. అంతమాత్రమున నిరాశకు కారణము లేదు.

మాతృభాషాభిమానులకు ప్రియమగు సంగతి యింకొకటి కలదు. చీనాలో పుట్టి, మూడేండ్లలోపుననే దత్తు వచ్చి, కెనడాలోని మాంట్రియల్ నగరమున ఫ్రెంచి మాత్రమే పలుకుచు పెరిగిన బాలికలకు చీనా స్వరములను వినిపించి వారి మెదడును పరీక్షింపగా, చీనా భాష యొక్క మాటయు నెరుగని ఆ బాలికల మెదడు, చీనా భాష వచ్చినవారి మెదడు వలెనే ఆ స్వరములను గ్రహించెను. ఇది 2014లో ప్రకటితమైనది. కొరియా నుండి హాలెండుకు పోయినవారు పెద్దలైన పిమ్మట కొరియా ధ్వనులను తక్కిన డచ్చివారి కంటె బాగుగా నేర్చిరని 2017లో వెల్లడియైనది. వారిలో ఆరు నెలలలోపున పోయినవారును కలరు. మాట మరచినను జాడ మాయలేదు. పసిచెవిలో పడిన పలుకు వ్యర్థము కాదనుటకు ఇంతకు మించిన సాక్ష్యమేల?

అట్లయిన కొందరు బిడ్డలు ఏండ్లు గడచినను తేరుకొనకపోవుటకు హేతువేమి? ఈ ప్రశ్నకు రుమేనియా దేశము కన్నీటితో సమాధానము చెప్పినది. అక్కడి ప్రభుత్వము 1966లో గర్భస్రావమును నిషేధించి జనసంఖ్యను పెంపదలచెను. పోషింపలేని తల్లిదండ్రుల బిడ్డలు ప్రభుత్వ శిశుశాలల పాలైరి. 1989 డిసెంబరులో చౌషెస్కు ప్రభుత్వము కూలినప్పుడు, లక్షకు మించిన బిడ్డలు ఆ గోడల నడుమ నున్నట్లు లోకము చూచెను. వరుసవరుసల ఊయలలు, గదికి ఒకరిద్దరు ఆయాలు. బిడ్డ "ఉంగా" యన్నప్పుడు తిరిగి "ఊ" కొట్టు దిక్కు లేదు. తల్లి బిడ్డతో ఆడు ఈ ఉబుసుపోక మాటలే భాషకు పునాది. అవి లేనిచోట బిడ్డకు తొలిభాషయే కుదురదు. ఇక రెండవది దేనిమీద నిలుచును? అడుగనిదే అమ్మయైన పెట్టదను సామెత మనకు కలదు. అడుగుట నేర్పు అమ్మయే లేని బిడ్డ యెవరిని అడుగును?

ఆ శిశుశాలల నుండి ఇంగ్లండునకు దత్తు పోయిన బిడ్డలను మైకేల్ రట్టర్ పండితుడు చిరకాలము పరిశీలించెను. ఆరు నెలలలోపున చేరినవారు ఇంచుమించుగా తక్కిన బిడ్డలతో సమముగా నెదిగిరి. ఆ పిమ్మట చేరినవారిలో ననేకులకు చిక్కులు చాల యేండ్లు నిలిచెను. ఈ శతాబ్దారంభమున బుకారెస్టు నగరమున చార్లెస్ నెల్సన్ మున్నగు అమెరికా పండితులు 136 మంది శిశుశాలల బిడ్డలను రెండు భాగములు చేసి, ఒక భాగమును పోషక కుటుంబములలో నుంచిరి. ఈ బిడ్డలు భాష మార్చలేదు, దేశము దాటలేదు. అయినను 15 నెలలు నిండకముందు కుటుంబమును చేరినవారికే మాటలు సామాన్యముగా వచ్చెను. రెండేండ్లు దాటి చేరినవారు శిశుశాలలోనే మిగిలినవారి వలె మిక్కిలి వెనుకబడిరి. కావున బిడ్డ నోరు కట్టివేసినది పరభాష కాదు, నిశ్శబ్దము. రుమేనియా ఈ పాఠమును నేర్చి, రెండేండ్లలోపు బిడ్డలను శిశుశాలలలో నుంచరాదని శాసించి 2005 నుండి అమలు పరచెను.

ఇక మన సంగతి. దేశాభిమానులలో కొందరు, మన బిడ్డలను పరదేశములకు పంపుట జాతికి తలవంపని వాదింతురు. వారి వేదనకు ఆధారము లేకపోలేదు. 1999లోను 2001లోను తెలంగాణ తండాల లంబాడీ ఆడశిశువులను కొని దత్తతకు అమ్మిన దుర్వ్యాపారము బయటపడి తెలుగువారమంతయు సిగ్గుతో తలవంచితిమి. కొరియాలోను దత్తతల పేరిట జరిగిన అక్రమములకు ప్రభుత్వమే బాధ్యురాలని అక్కడి సత్యశోధక సంఘము 2025లో నిర్ణయించినది. పుట్టిన దేశమున కుటుంబము దొరకనిచోటనే దేశాంతరదత్తత యుండవలెనని 1993 నాటి హేగు ఒడంబడికయు చెప్పుచున్నది. మన దేశము దానిని 2003లో ఆమోదించినది. ఈ కట్టుబాటు న్యాయమైనది.

కాని అభిమానము ద్వారమును మూసినంత మాత్రమున బిడ్డకు నోరు వచ్చునా? రష్యా ప్రభుత్వము 2012 చివర తన బిడ్డలను అమెరికావారు దత్తు తీసుకొనరాదని శాసించినప్పుడు, కుటుంబము కుదిరి పయనమునకు ఎదురుచూచుచున్న బిడ్డలు సైతము శిశుశాలలలోనే నిలిచిపోయిరి. జెండా బిడ్డకు జోల పాడదు. స్వదేశమున మౌనముగా నుంచిన బిడ్డకు మనము మాతృభాషను దక్కించితిమని చెప్పుకొనుట ఆత్మవంచన. పంపుటయా, మానుటయా యనుదానికి ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి కలదు. ఈ బిడ్డ మన చేతులలో నున్నన్ని నాళ్లు దీనితో నెవరు మాటాడిరి?

మన చట్టము నిద్రపోవుచున్నదని మేమనము. 2015 నాటి బాలన్యాయ చట్టము, రెండేండ్లలోపు అనాథశిశువును దత్తతకు అర్హునిగా రెండు మాసములలోను, అంతకు పెద్దవానిని నాలుగు మాసములలోను ప్రకటింపవలెనని గడువు విధించినది. దత్తత ఉత్తరువు లిచ్చు అధికారమును 2021 నాటి సవరణము న్యాయస్థానముల నుండి జిల్లా కలెక్టరులకు మార్చినది. గడువు కాగితము మీద నున్నది. కలెక్టరు కచేరిలో నొక కట్ట క్రింద నింకొక కట్ట నలుగుచున్న ప్రతిమాసమును బిడ్డ జీవితమున తొలిమాటల మాసమని అధికారులు గ్రహింపవలెను. పొలము కాగితమునకు నెల జాప్యమైన పొలము ఎక్కడికిని పోదు. పసితనము పోవును, మరల రాదు.

మేము కోరునవి నాలుగు. మొదటిది: శిశుగృహములలో ఒక్కొక్క ఆయాకు కొలదిమంది బిడ్డలనే అప్పగించి, ఆ బిడ్డలను మాటిమాటికి చేతులు మార్చక, పాలు పట్టుటతో పాటు పలుకరించుటయు ఆమె విధియని విధింపవలెను. తండా నుండి వచ్చిన బిడ్డకు వీలయినచో లంబాడీ పలుకు తెలిసినవారే దొరకవలెను. రెండవది: ప్రతి బిడ్డ చెవిని పరీక్షించి, బిడ్డ విన్న భాషను, పలుకు మాటలను దత్తత పత్రములలో వ్రాయవలెను. మూడవది: శిశుగృహమునకు మారుగా పోషక కుటుంబములు చట్టమున నున్నవి. పట్టణములందలి గృహస్థులు అందుకు ముందుకు రావలెను. బిడ్డలు పరదేశము పోవుచున్నారని వగచువారు తమ గుమ్మము తెరచినచో మా వగపును తీరును.

నాలుగవది దూరదేశపు తెలుగువారికి మా మనవి. అమెరికాలో మనవారు వేలు లక్షలుగా నున్నారు. మన జిల్లాల నుండి బిడ్డ వచ్చిన కొత్తలో, తొలిభాష మరపున పడకముందే, ఆ భాష తెలిసినవారు ఒకరు ప్రక్కన కూర్చుండి మాటాడినచో, బిడ్డకు తొలిభాషయందే లోటు కలదా, భాష మారుటచేతనే మౌనముగా నున్నదా యని అక్కడి వైద్యులు తెలిసికొనగలరు. పెంచుకొన్న తల్లిదండ్రులును, కొలది మాసములలో కొత్తమాటలు చేరుచుండనిచో, మూడేండ్లకు మాటలు వచ్చినవారు లేరా యని ఊరకుండక నిపుణులకు చూపవలెను. బిడ్డను పొరుగింటి బిడ్డతో గాక, తనవలె దత్తు వచ్చిన బిడ్డలతో పోల్చి చూచుట న్యాయము.

భాషయే జాతికి ప్రాణమని మనము సభలలో పలుకుచున్నాము. ఆ మాట నిజమైనచో, తల్లి లేని బిడ్డ చెవిలో తొలిపలుకు పోయుట జాతికి తొలిధర్మము. ఆ బిడ్డ మన గడపననే యుండనీ, సముద్రములు దాటి పోనీ, మనము పలుకరించి పెంచినచో ఏ భాషలోనైనను పలుకగలదు. మూగగా పంపినచో ఆ మౌనము మనదే యగును.